మానిటర్ నెత్తిన లైట్‌బార్: ఎవరి కళ్లకు పనికొస్తుంది, ఎవరికి డబ్బు దండగ

సాయంత్రం ఆరు దాటాక కూడా గదిలో లైటు వేయకుండా, మానిటర్ వెలుతురులోనే పని కానిచ్చేవాళ్లకు లైట్‌బార్ పనికొస్తుంది. ఏసీ ఆఫీసులో కూర్చుని మధ్యాహ్నం మూడయ్యేసరికి కళ్లు మండేవాళ్లకు పెద్దగా పనికిరాదు. నలభై దాటి, అక్షరాలు ఆనక గడ్డం పైకెత్తి తెర చూసేవాళ్లకైతే డబ్బు దండగే. ఇవి మూడు వేర్వేరు బాధలు. అమ్మేవాళ్లు మాత్రం మూడింటికీ ఒకే పెట్టె చూపిస్తున్నారు.

వస్తువు చూడటానికి చిన్నదే. దాదాపు 45 సెంటీమీటర్ల పొడవున్న సన్నటి గొట్టం, మధ్యలో ఒక క్లిప్పు. క్లిప్పు ముందు భాగం మానిటర్ పై అంచును పట్టుకుంటుంది, వెనక వేలాడే బరువు దాన్ని కదలకుండా ఆపుతుంది. స్క్రూలు, జిగురు అక్కర్లేదు. గొట్టం లోపల వరసగా ఎల్‌ఈడీలు, వాటి వెలుగును ఒక పక్కకే మళ్లించే ఏర్పాటు ఉంటాయి. అసలు ఖరీదు ఆ ఏర్పాటుదే. మామూలు టేబుల్ లైటు వెలుగు అన్ని వైపులా చిందుతుంది. కొంత తెర మీద పడి మెరుస్తుంది, కొంత కళ్లలో పడుతుంది. లైట్‌బార్ వెలుగు తెరను తాకకుండా కీబోర్డు మీద, కాగితాల మీద మాత్రమే పడాలి. అలా పడుతోందా లేదా అన్నదే ఈ సరుకుకు పరీక్ష.

ఎందుకు పనికొస్తుందో లెక్క కట్టి చూస్తే తెలిసిపోతుంది. మామూలు ఆఫీసు మానిటర్ బ్రైట్‌నెస్ నూటికి నూరు పెడితే 250 నుంచి 300 నిట్ల (కంటికి కనబడే ప్రకాశానికి కొలత) వెలుగు ఇస్తుంది. చాలామంది పెట్టెలోంచి తీసిననాటి సెట్టింగునే ఏళ్ల తరబడి వాడేస్తుంటారు. 500 లక్స్ (ఒక చోట పడే వెలుతురుకు కొలత) వెలుతురు పడే బల్ల మీద తెల్ల కాగితం పెడితే దాని ప్రకాశం 120, 130 నిట్లు ఉంటుంది. అంటే బాగా వెలుతురున్న ఆఫీసులో కూడా తెర కాగితానికి రెండింతలు వెలుగుతోందన్నమాట. ఇక ఇంట్లో, రాత్రిపూట, వీపు వెనక ఒక్క లైటు ఉన్న గదిలో బల్ల మీద పడేది 50 నుంచి 100 లక్స్. అప్పుడు కాగితం 25 నిట్లకు మించదు, తెర దానికి పదింతలు. కన్ను తెరకూ కాగితానికీ, తెరకూ వెనక చీకటి గోడకూ మధ్య తిరిగిన ప్రతిసారీ ఈ తేడాను సర్దుకోవాలి. నుదురు బిగిసిపోవడం, కళ్లు చికిలించడం, పక్కగదిలోకి వెళ్తే కాసేపు మసకగా అనిపించడం ఈ రకం అలసట లక్షణాలు. లైట్‌బార్ చేసేదల్లా బల్ల వెలుతురును తెర వెలుతురు దగ్గరికి తీసుకురావడం. అంతకుమించి దాని దగ్గర మహిమలేమీ లేవు.

కాబట్టి కొనే ముందు పైసా ఖర్చులేని పని ఒకటి చేసి చూడండి. మానిటర్ మీద ఖాళీ తెల్ల పేజీ తెరిచి, దాని పక్కనే ఒక ఏ4 కాగితం నిలబెట్టి పట్టుకోండి. తెర ట్యూబ్‌లైటులా వెలుగుతుంటే బ్రైట్‌నెస్ ఎక్కువ, బూడిదరంగుగా కనబడితే తక్కువ. రెండూ ఇంచుమించు ఒకేలా కనబడేదాకా మానిటర్ బటన్లతో తగ్గించుకుంటూ రండి. పగలు కిటికీ వెలుతురులో ఒక అంకె వస్తుంది, రాత్రి ఇంకో అంకె వస్తుంది. రెండూ చీటీ మీద రాసి మానిటర్ అంచుకు అంటించుకోండి. కాంట్రాస్ట్ జోలికి పోవద్దు, దాన్ని తగ్గిస్తే అక్షరాల నలుపు పలచబడుతుంది. ఈ ఒక్క సర్దుబాటుతో బాధ పోయిందంటే మీకు లైట్‌బార్ అక్కర్లేదు. రాత్రి అంకె 10, 15 శాతానికి పడిపోయి, అయినా కాగితం మీద అంకెలు చదవడానికి వంగాల్సి వస్తుంటే అప్పుడు కొనండి. వోచర్లు పక్కన పెట్టుకుని ఎంట్రీలు కొట్టే అకౌంటెంట్లు, ప్రూఫులు దిద్దే డీటీపీ వాళ్లు, నోట్సు రాసుకుంటూ క్లాసులు వినే విద్యార్థులు, అమెరికా వేళల్లో ఇంటినుంచి పనిచేసేవాళ్లు ఈ కోవలోకి వస్తారు.

బజారులో ఎక్కువగా వినబడే పేర్లు రెండు, బెన్‌క్యూ స్క్రీన్‌బార్, షావోమీ ఎంఐ కంప్యూటర్ మానిటర్ లైట్‌బార్. వీటి కింద పేరూ ఊరూ లేని సరుకు ఆన్‌లైన్‌లో కుప్పలుగా ఉంది.

బెన్‌క్యూ ఖరీదైనది. అమెరికాలో మామూలు స్క్రీన్‌బార్ ధరే వంద డాలర్లు దాటుతుంది. ఆ డబ్బుకు దొరికే ముఖ్యమైన విషయం పైన ఉన్న సెన్సర్. ఆటో బటన్ నొక్కితే గది వెలుతురును చూసి బల్ల మీద 500 లక్స్ ఉండేలా తానే సర్దుకుంటుంది. రంగు 2700 కెల్విన్ పసుపు నుంచి 6500 కెల్విన్ తెలుపు దాకా మారుతుంది. రంగులను ఉన్నవి ఉన్నట్టు చూపించే సీఆర్‌ఐ 95కి పైనే. చీరల రంగులో, ప్రింటు ప్రూఫులో సరిపోల్చేవాళ్లకు ఇది పనికొచ్చే అంకె, కోడ్ రాసేవాళ్లకు 90 ఉన్నా ఒకటే. లోపం ఏమిటంటే టచ్ బటన్లు గొట్టం పైభాగాన ఉంటాయి. ప్రతిసారీ చెయ్యి ఎత్తాలి, నొక్కేటప్పుడు సన్న స్టాండు మీదున్న మానిటర్ ఊగుతుంది. ఆటో పద్ధతికీ ఒక చిక్కుంది. కిటికీకి దగ్గరగా కూర్చుంటే సెన్సర్ మీద ఎండ పడి, గది వెలుతురుగా ఉందనుకుని లైటు తగ్గించేస్తుంది, మీ కాగితాలు మాత్రం మానిటర్ నీడలోనే ఉండిపోతాయి. అలాంటి చోట ఆటో వదిలేసి చేత్తో పెట్టుకోవడమే మేలు. డయల్ కావాలంటే ప్లస్, వైర్‌లెస్ కంట్రోలుతో పాటు వెనక గోడ మీదికి కూడా వెలుగు కావాలంటే హేలో మోడల్ ఉన్నాయి. హేలోలో ఆ వెనక లైటు ఆడంబరం కాదు. తెర వెనక చీకటి గోడను కొంచెం వెలిగించడం కళ్లకు నిజంగానే హాయి. అయితే మానిటర్ గోడకు ఆనుకుని ఉంటే ఆ వెలుగు పరుచుకోవడానికి చోటుండదు. కనీసం జానెడు ఎడం ఉంటేనే ఆ మోడల్‌కు డబ్బు పెట్టండి.

షావోమీలో సెన్సర్ లేదు. దాని బదులు బల్ల మీద పెట్టుకునే గుండ్రటి రిమోట్ ఇస్తారు. నొక్కితే వెలుగుతుంది, ఆరుతుంది. తిప్పితే వెలుగు పెరుగుతుంది, తగ్గుతుంది. నొక్కిపట్టి తిప్పితే రంగు మారుతుంది. రోజువారీ వాడకానికి బెన్‌క్యూ టచ్ బటన్ల కంటే ఇదే సుఖం. రిమోట్‌లో రెండు ట్రిపుల్‌ఏ సెల్స్ వేయాలి. గొట్టం క్లిప్పుకు అయస్కాంతంతో అతుక్కుంటుంది. తీసి తుడవడానికి బాగుంటుంది కానీ, మానిటర్ జరిపేటప్పుడు గొట్టాన్ని పట్టుకుంటే ఊడి చేతికొస్తుంది. కొనేముందు వారంటీ ఎవరిస్తారో, రిమోట్ పాడైతే విడిగా దొరుకుతుందో అడగండి. రిమోట్ పోతే ఈ లైటు పనికిరాదు.

పేరులేని సరుకులో మంచివీ ఉన్నాయి, కాకపోతే ఏరుకోవాలి. వాటిలో రెండు చోట్ల కక్కుర్తి పడతారు. మొదటిది వెలుగును మళ్లించే ఏర్పాటు. గొట్టానికి పాలరంగు ప్లాస్టిక్ మూత ఒకటి పెట్టి ఊరుకుంటారు, వెలుగు సగం తెర మీదికే జారుతుంది. రెండోది మినుకు. వెలుగు తగ్గించడానికి కరెంటును తగ్గించకుండా, ఎల్‌ఈడీని సెకనుకు కొన్ని వందల సార్లు ఆర్పి వెలిగిస్తారు. నూటికి నూరు మీద బాగానే ఉంటుంది, సగానికి తగ్గించగానే మొదలవుతుంది. సూటిగా చూస్తే తెలియదు, కానీ కొందరికి గంట గడిచేసరికి తలనొప్పి తెస్తుంది. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్ల సంస్థ ఐట్రిపుల్‌ఈ 2015లో ఇచ్చిన 1789వ నంబరు సిఫారసు ప్రకారం ఈ ఆరి వెలగడం సెకనుకు 1250 సార్లు దాటితే ముప్పు తక్కువ, 3000 దాటితే ప్రభావం ఉండదు.

దీన్ని పట్టుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు. లైటు వెలుగు సగానికి తగ్గించి, దాని కింద తెల్ల కాగితం పెట్టి, ఒక పెన్నును విసనకర్రలా గబగబా ఆడించండి. పెన్ను ఒకే మసక మరకగా కనబడితే మంచిదే. నాలుగైదు విడివిడి పెన్నులుగా విడిపోయి కనబడితే ఆ లైటు మినుకుతోంది. తరవాత ఫోన్ కెమెరాలో స్లోమోషన్ పెట్టి అదే కాగితాన్ని తీయండి. నల్లటి పట్టీలు పాకుతూ కనబడితే ఇక అనుమానం అక్కర్లేదు. ఈ పరీక్ష చేసేటప్పుడు గదిలో మిగతా లైట్లు ఆపేయాలి. పాత చోక్ ఉన్న ట్యూబ్‌లైటు మన 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకు 100 సార్లు మినుకుతుంది, ఆ పట్టీలను లైట్‌బార్ ఖాతాలో వేసే ప్రమాదముంది. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ బజారు సీటీసీ లాంటి చోట కొంటే కౌంటరు మీదే వెలిగించి చూపించమనండి.

బిగించడం నిమిషం పని, సర్దడానికే ఓపిక కావాలి. ముందు మానిటర్‌ను సరైన చోట పెట్టుకోండి. కంటికీ తెరకూ మధ్య 50 నుంచి 70 సెంటీమీటర్లు, తెర పై అంచు కంటి ఎత్తులో గానీ కొంచెం కింద గానీ ఉండాలి. ఆ తరవాతే లైటు తగిలించాలి, ఎందుకంటే మానిటర్ వంపు మార్చిన ప్రతిసారీ లైటు వంపు కూడా మారుతుంది. తెరను వెనక్కి వాలిస్తే లైటు మీ ముఖం వైపు తిరుగుతుంది. తగిలించాక తెర మీద పూర్తి నల్లటి బొమ్మ ఒకటి తెరిచి, గదిలో మిగతా లైట్లు ఆపి, మీరు రోజూ కూర్చునే భంగిమలో కూర్చోండి. పై అంచున తెల్లటి చార కనబడితే గొట్టాన్ని మీవైపు ఒక్క పిసరు తిప్పండి. ఎల్‌ఈడీ వెలుగు నేరుగా కంట్లో పొడుస్తుంటే తెరవైపు తిప్పండి. ఈ రెంటి మధ్య సన్నటి చోటు ఒకటి దొరుకుతుంది, అక్కడ వదిలేయాలి. ఏ వంపులోనూ రెండూ పోవడం లేదంటే, మానిటర్ మీ కళ్లకంటే బాగా ఎత్తులో ఉన్నట్టు. 32 అంగుళాల తెరలతో ఇది తరచూ జరుగుతుంది. మానిటర్‌ను దించాలి, లేదా కుర్చీ ఎత్తాలి. అద్దంలా మెరిసే గ్లాసీ తెరలకు చార పూర్తిగా పోదు, మాట్ తెరలకు పోతుంది.

తరవాత ఏ4 కాగితం పరీక్ష మళ్లీ చేయాలి. ఇప్పుడు బల్ల వెలుతురు పెరిగింది కాబట్టి పాత అంకెలు చెల్లవు. రంగు విషయంలో పగలు 4000 నుంచి 5000 కెల్విన్, రాత్రి పడుకోబోయే ముందు రెండు గంటలు 3000 లోపు పెట్టుకుంటే చాలు. తెర రంగును కూడా విండోస్ నైట్ లైట్‌తో దానికి దగ్గరగా తెచ్చుకోవచ్చు. 6500 మీద పెట్టి అర్ధరాత్రి దాకా కూర్చోవడం మాత్రం మానుకోండి.

క్లిప్పు విషయంలో కొలత చూసుకోకుండా కొని తిప్పిపంపేవాళ్లు చాలామంది. మామూలు స్క్రీన్‌బార్ 1 నుంచి 3 సెంటీమీటర్ల మందం ఉన్న అంచుకే సరిపోతుంది, షావోమీది 0.5 నుంచి 3.2 దాకా పడుతుంది. వెనక ఉబ్బుగా ఉన్న పాత మానిటర్లకు బరువు ఆనే చోటుండదు. ఒంపు తిరిగిన తెర అయితే పెట్టె మీద కర్వ్‌డ్ అని రాసి ఉంటేనే తీసుకోండి. క్లిప్పు కూర్చునేది సరిగ్గా వెబ్‌క్యామ్ చోటే. వెబ్‌క్యామ్‌ను పక్కకు జరిపితే మీటింగుల్లో పక్కచూపులు చూస్తున్నట్టు ఉంటుంది, చిన్న ట్రైపాడ్ మీద పెట్టుకోవడమే దారి. ఇంకో మాట, ఈ లైటు ముఖాన్ని వెలిగించదు. వీడియో కాల్‌లో బాగా కనబడాలని కొనేవాళ్లకు నిరాశ తప్పదు.

కొన్ని ఫిర్యాదులు కరెంటువే. ఈ లైట్లకు 5 ఓల్టుల దగ్గర 1 ఆంపియర్ కావాలి. మానిటర్ వెనకుండే పాత యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది అర ఆంపియరే. దానికి గుచ్చితే వెలుగు సగం దాటాక వణుకుతుంది, ఒక్కోసారి ఆరిపోతుంది, లైటు పాడైందనుకుని రిటర్న్ పెడతారు. 1 ఆంపియర్ గానీ ఆ పైన గానీ ఇచ్చే పాత ఫోన్ ఛార్జర్‌కు గుచ్చి చూడండి. ఛార్జర్‌కు గుచ్చితే ఇంకో లాభం, కంప్యూటర్ నిద్రలోకి వెళ్లినా లైటు ఉంటుంది.

ఇంత డబ్బు పెట్టలేనివాళ్లకు ఒక దారి ఉంది. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒకటి, హోల్డరుతో సహా, మానిటర్ వెనక గోడ వైపు తిప్పి పెట్టండి. కంటికి బల్బు కనబడకూడదు, గోడ మీద పడ్డ వెలుగు మాత్రమే కనబడాలి. చీకటి గోడ సమస్యను ఇది లైట్‌బార్ కంటే బాగా తీరుస్తుంది, కాగితాల సమస్యను తీర్చదు.

ఇక లైట్‌బార్ తాకలేని రెండు బాధల సంగతి. కళ్లలో ఇసుక పోసినట్టు ఉండి, మసకేసిన అక్షరాలు రెండుసార్లు రెప్ప కొట్టగానే తేటపడుతుంటే అది పొడికన్ను. 1993లో జపాన్ పరిశోధకులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఇచ్చిన లెక్క ప్రకారం, తీరిగ్గా ఉన్నప్పుడు నిమిషానికి 22 సార్లు కొట్టుకునే రెప్ప, పుస్తకం చదివేటప్పుడు 10కి, తెర చూసేటప్పుడు 7కి పడిపోతుంది. కొట్టినవి కూడా సగం సగమే. దీనికి ఏ దీపమూ మందు కాదు. ఏసీ గాలి ముఖానికి తగలకుండా కుర్చీ జరపడం, నెత్తిన సీలింగ్ ఫ్యాను ఉంటే బల్ల మార్చడం, తెరను కొంచెం దించడం పనిచేస్తాయి. చూపు కిందికి ఉంటే రెప్ప ఎక్కువ భాగం కన్నును కప్పుతుంది, తడి తొందరగా ఆరదు. చుక్కలు వేసుకోవాలంటే కన్ను తడిగా ఉంచే 0.5 శాతం కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ చాలు. రోజుకు నాలుగుసార్లు దాటితే ప్రిజర్వేటివ్ లేనివి అడగండి, తెరిచిన సీసా నెల దాటాక పారేయండి. ఎరుపు తగ్గిస్తాయనే చుక్కలు వద్దు, మానగానే ఎరుపు మళ్లీ వస్తుంది.

నలభై దాటినవాళ్లది పవర్ లెక్క. పుస్తకం 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే కంటికి 2.5 డయాప్టర్ల (అద్దాల పవర్‌కు కొలత) సాయం కావాలి, 65 సెంటీమీటర్ల తెరకు 1.5 చాలు. అంటే దగ్గరి చూపుకు ప్లస్ 2 రాసిచ్చిన మనిషికి తెర కోసం ప్లస్ 1 దగ్గర సరిపోతుంది. చదివే అద్దాలతోనే తెర చూస్తే ముందుకు వంగుతారు, దూరం చూపు పైన, దగ్గరి చూపు కింద ఒకే అద్దంలో ఉండే ప్రోగ్రెసివ్ అయితే గడ్డం ఎత్తి మెడ నొప్పి తెచ్చుకుంటారు. మీ కంటికీ తెరకూ మధ్య దూరం టేపుతో కొలిచి, ఆ అంకె పట్టుకుని కంటి పరీక్షకు వెళ్లండి. కంప్యూటర్ కోసం విడిగా జత రాయమనండి. లైట్‌బార్ ధరకు ఆ జత వచ్చేస్తుంది. ఒక కంటికే మసక, మెరుపులు, గట్టి నొప్పి ఉంటే మాత్రం ఇవేవీ కావు, నేరుగా డాక్టరు దగ్గరికే.

అద్దాల దుకాణంలో నీలికాంతిని ఆపుతుందంటూ బ్లూకట్ అద్దం అంటగడతారు, జాగ్రత్త. నీలిరంగు లేజర్ పెన్ను ఒకటి తీసి, మామూలు అద్దంలోంచి కార్డు మీద చుక్క పడటం, బ్లూకట్‌లోంచి పడకపోవడం చూపిస్తారు. ఆ పెన్నుది 405 నానోమీటర్ల ఊదా కాంతి. తెర ఎల్‌ఈడీల నీలం ఎక్కువగా ఉండేది 450 దగ్గర, అక్కడ అదే అద్దం చాలా భాగాన్ని లోపలికి వదిలేస్తుంది. పోనీ ఆపినా ఒరిగేదేమిటి? 2023లో వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 17 ప్రయోగాలను పరిశీలించి, మామూలు అద్దాలతో పోలిస్తే వీటివల్ల కళ్ల అలసట తగ్గే అవకాశం పెద్దగా లేదని తేల్చింది. ఆ డబ్బు యాంటీ రిఫ్లెక్షన్ పూతకు పెట్టండి. పూతలేని ప్లాస్టిక్ అద్దం పడిన వెలుగులో ఇంచుమించు 8 శాతాన్ని తిప్పికొడుతుంది, వెనకనుంచి వచ్చే లైట్లు అందులో దెయ్యాల్లా తేలుతుంటాయి.

తెలుగు ఎక్కువగా చదివేవాళ్లకు ఒక ప్రత్యేక సలహా. వత్తులు, గుడులు ఉన్న మన అక్షరం ఇంగ్లిష్‌కు సరిపోయే సైజులో ఇరుకైపోతుంది. 'క్ష్మ' లాంటివి మరకగా మారి, తెలియకుండానే తెర మీదికి వంగుతాం. విండోస్ స్కేలింగ్ 125 శాతానికి, బ్రౌజర్ జూమ్ 120కి పెట్టుకోండి. లైట్‌బార్ పెట్టి అక్షరాలు చిన్నగానే వదిలేస్తే సగం పనే చేసినట్టు.

ల్యాప్‌టాప్ మూతకు ఈ మామూలు లైట్‌బార్లు తగిలించకండి. అంచు పలచన, బరువుకు మూత వెనక్కి వాలిపోతుంది. ల్యాప్‌టాప్‌కు జతచేసిన బయటి మానిటర్ ఉంటే సరే. కరెంటు కోతల ఊళ్లలో లైటును ల్యాప్‌టాప్‌కే గుచ్చి వాడితే పూర్తి వెలుగులో 5 వాట్లు లాగుతుంది. 50 వాట్ అవర్ల బ్యాటరీతో, 10 వాట్లు తినే ల్యాప్‌టాప్ ఐదు గంటలు నడిచేది కాస్తా మూడు గంటల ఇరవై నిమిషాలకు దిగుతుంది. పదివేల ఎంఏహెచ్ పవర్‌బ్యాంకుకు మార్చండి, పూర్తి వెలుగులోనే ఆరు గంటల దాకా వస్తుంది. మరీ సన్నగా పెడితే మాత్రం కొన్ని పవర్‌బ్యాంకులు ఏమీ గుచ్చలేదనుకుని తమంతట తామే ఆగిపోతాయి. అలా జరిగితే వెలుగు ఒక మెట్టు పెంచండి.